పదిహేడేళ్ల కుర్రాడి గ్రంథాలయం, పుష్కర ఘాట్ మీద అడిగిన ప్రశ్న

కిందటి నెల రాజమండ్రిలో పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని ఓ ఏడెనిమిది మంది స్టూడెంట్స్‌తో మాట్లాడాను. కొందరు యూనివర్సిటీ పిల్లలు, కొందరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు. కెమెరా ఆఫ్ చేసే అడిగాను. కెమెరా ఉంటే మనవాళ్లు స్పీచ్ మొదలుపెట్టేస్తారు కదా. ప్రశ్న ఒకటే: డబ్బుకి లోటు లేదనుకోండి, మీ యూనివర్సిటీ లైబ్రరీ మీరే కట్టుకోవచ్చు, ఎలా కడతారు?

ముందు ఏసీ అన్నారు. రాజమండ్రి ఎండలు తెలిసినవాళ్లెవరూ తప్పు పట్టరు. తర్వాత ప్రతి టేబుల్ దగ్గరా ప్లగ్ పాయింటు, మధ్యలో ఆగని వైఫై, రాత్రంతా తెరిచి ఉండే హాలు. ఒకబ్బాయి పుస్తకం పేరు చెబితే రోబో తెచ్చి ఇవ్వాలన్నాడు. ఇంకొకమ్మాయి గేటు దగ్గర ముఖం చూసి తలుపు తెరుచుకోవాలంది, ఐడీ కార్డు మర్చిపోయిన రోజున వాచ్‌మన్‌తో గొడవ ఉండకూడదట. వీఆర్ కళ్లద్దాలు వచ్చాయి, ఏఐ వచ్చింది, యూనిట్ల వారీగా ఆన్సర్లు చెప్పే యంత్రం వచ్చింది. అందరం నవ్వుకున్నాం.

చివర్లో ఎంఏ తెలుగు చదివే ఒకమ్మాయి, అప్పటిదాకా ఏమీ మాట్లాడనిది, ఇలా అంది: "అన్నయ్యా, పాత పుస్తకాల్లో ఒక మాట ఎక్కడుందో వెతికితే దొరకాలి. నాకు అది చాలు." ఏం వెతుకుతున్నావమ్మా అని అడిగాను. పడవ వాళ్ల మాటలట. సరంగు, పంటు, లాకు, తెరచాప, ఇలాంటివి పాత నవలల్లో, ఆత్మకథల్లో ఎక్కడెక్కడ వచ్చాయో చూసి ప్రాజెక్టు రాయాలి. పుస్తకాలన్నీ ఫోన్లోనే ఉన్నాయి, పీడీఎఫ్‌లు. సెర్చ్ బాక్సులో "పంటు" అని కొడితే ఏమీ రాదు. ఒక్కో పేజీ వేలితో జరుపుకుంటూ చదువుతోంది.

ఈ ఎపిసోడ్ ఆ అమ్మాయి మాట పట్టుకుని చేసిందే. ఆవిడ అడిగినది చిన్న కోరికలా ఉంది గానీ, నా లెక్కలో రోబో కంటే అదే పెద్ద టెక్నాలజీ. అది అర్థం కావాలంటే మనం ఓ నూట పాతికేళ్లు పైగా వెనక్కి వెళ్లాలి, అదీ ఇదే ఊళ్లో.

1898. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన కడుతున్నారు. 1897లో పని మొదలైంది, 1900లో గానీ దాని మీద రైలు నడవలేదు. అంటే మనం మాట్లాడుకునే ఏడాదికి నదిలో ఇంకా స్తంభాలు లేస్తున్నాయి. ఊళ్లో వీధి దీపాలంటే నూనె దీపాలు. ఆ రాజమండ్రిలో నాళం కృష్ణారావు అనే కుర్రాడు ఒక గ్రంథాలయం పెట్టాడు. ఆయన పుట్టింది 1881 జనవరిలో. లెక్క మీరే వేసుకోండి, పదిహేడేళ్లు. మన దగ్గర ఇంటర్ సెకండియర్ వయసు. దానికి వసురాయ గ్రంథాలయం అని పేరు పెట్టాడు. వసురాయకవి అంటే వడ్డాది సుబ్బారాయుడు గారు, అప్పట్లో ఊళ్లో పేరున్న కవి, పండితుడు. తర్వాత కొక్కొండ వేంకటరత్నం పంతులు గారి పేరుతో ముడిపడిన రత్నకవి గ్రంథాలయం ఇందులో కలిసింది. రెండూ కలిసి అయినదే మన గౌతమీ గ్రంథాలయం. ఎనభై ఏళ్లు ఊరి మనుషుల చేతుల్లో నడిచి, 1979లో ప్రభుత్వం చేతికి వెళ్లింది. అరుదైన పాత ప్రింట్లు, ఆగిపోయిన పత్రికల సంపుటాలు, తాళపత్రాలు, అన్నీ ఉన్నాయి అక్కడ. తెలుగు మీద రీసెర్చ్ చేసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లు ఎక్కాల్సిందే.

పదిహేడేళ్ల కుర్రాడికి అప్పుడు ఏ టెక్నాలజీ ఉంది? అచ్చు యంత్రం ఉంది. వీరేశలింగం గారు అప్పటికే ఇదే ఊరి నుంచి ఎన్నో అచ్చు వేశారు. పోస్టు ఉంది. కాలువ ఉంది. ఈ మూడోదాన్ని మనం టెక్నాలజీ అనుకోం. కానీ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయ్యాక, మన డెల్టాలో కాలువంటే పొలానికి నీళ్లే అనుకుంటే సగమే తెలిసినట్టు. అది రోడ్డు కూడా. రాజమండ్రి నుంచి ఏలూరు మీదుగా బెజవాడ దాకా, అక్కణ్నుంచి మద్రాసు దాకా పడవలు వెళ్లేవి. ధాన్యం వెళ్లింది, బెల్లం వెళ్లింది, పెళ్లివారు వెళ్లారు. పుస్తకాల పెట్టెలు కూడా వెళ్లే ఉంటాయి, మరి వేరే దారి ఏముంది?

ఈ కాలువ సంగతి పట్టుకుని ఒకాయన నిజంగానే లైబ్రరీ చేశాడు. మన గోదావరిలో కాదు, పక్కనున్న కృష్ణా డెల్టాలో, కానీ కథ మన ఇంటిదే. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. పడవ నిండా పుస్తకాలు. ఊరు వచ్చినప్పుడు ఆగేది. నాకు దీంట్లో బాగా నచ్చేది లాకుల దగ్గర ఆగడం గురించి ఊహించుకోవడం. లాకు దగ్గర నీటి మట్టం సమానం అయ్యేదాకా పడవ కదలదు, తెలుసు కదా. ఆ కాసేపట్లో ఎవరు ఏ పుస్తకం తిరగేసి ఉంటారు? ఇది నా ఊహేనండోయ్, ఎక్కడా రాసి లేదు. కానీ ఇప్పుడు బఫరింగ్ అనే మాట వినగానే నాకు లాకే గుర్తొస్తుంది.

సరే, మళ్లీ వెనక్కి. ఉద్యమం అనే మాట ఊరికే అనరు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. దాని వెనకున్న మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఆయన పుట్టింది కొంకుదురు, మన తూర్పు గోదావరి. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. ఐదేళ్ల తర్వాత 1919 నవంబరు 14న మద్రాసులో మొత్తం దేశానికి గ్రంథాలయ సభ పెట్టించింది కూడా ఈయన పూనికే. ఇప్పుడు నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు అని మన స్కూళ్లలో వ్యాసరచన పోటీలు పెడతారే, ఆ తేదీ అక్కణ్నుంచి వచ్చింది. నేను ఆ పోటీలో ఒకసారి కన్సోలేషన్ ప్రైజు కొట్టాను, తేదీ ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు.

1914 సభకి అధ్యక్షుడు ఎవరో చూడండి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. పుట్టింది ఖండవల్లి, బతుకంతా దాదాపు రాజమండ్రి. గణపతి నవల, గయోపాఖ్యానం నాటకం, మీకు తెలిసే ఉంటాయి. ఈయనకి చిన్నప్పటి నుంచి రేచీకటి. పొద్దు గూకితే పుస్తకంలో అక్షరం కనపడదు. పక్కన ఎవరైనా చదివితే విని పట్టుకోవాలి. చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. స్వీయచరిత్ర ఆయన చెబుతుంటే ఇంకొకరు రాసుకున్నారు. ఆంధ్రదేశం మొత్తం మీద గ్రంథాలయాల మొదటి సభకి, పుస్తకాన్ని చెవితో చదువుకుని పెద్దవాడైన మనిషి అధ్యక్షుడన్నమాట. కావాలని అలా ఎంచుకున్నారని నేను అనడం లేదు. ఆయన పేరున్న రచయిత కాబట్టి పిలిచారు. కానీ ఆ వివరం నన్ను వదలడం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆ రోజుల్లో గ్రంథాలయం అంటే చదువు వచ్చినవాళ్లకే కాదు. సాయంత్రం అరుగు మీద ఒకరు పేపరు పైకి చదువుతారు, పదిమంది వింటారు. రాత్రిబడులు పెట్టారు. ఊరూరా తిరిగే గ్రంథాలయ యాత్రలు చేశారు. అక్షరం రానివాడు కూడా ఆ లైబ్రరీకి పాఠకుడే. ఈ మొత్తం ప్రయత్నం ఫలితంగానే తర్వాత చట్టాలు వచ్చాయి: మద్రాసు రాష్ట్రంలో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని ఒక గీత ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. మీరు లైబ్రరీ గుమ్మం తొక్కినా తొక్కకపోయినా కడుతున్నారు. కాబట్టి అది మీదే.

ఇప్పుడు ఆ గుమ్మం తొక్కితే ఏం కనిపిస్తుంది? మన జిల్లాల్లో ఏ శాఖా గ్రంథాలయానికైనా పొద్దున్నే వెళ్లండి, బయట చెప్పులు బారులు తీరి ఉంటాయి. లోపల గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకి చదివేవాళ్లు. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. లైబ్రరీ ఇచ్చేది బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. దీన్ని కొంతమంది పెద్దవాళ్లు చిన్నచూపు చూస్తారు, నాకు మాత్రం ఇందులో తప్పు కనపడదు. రెండు గదుల ఇంట్లో ఐదుగురు ఉంటే బల్ల దొరకడమే పెద్ద సంగతి. నేను బీటెక్‌లో ఉండగా లైబ్రరీకి వెళ్లింది పాత ప్రశ్నపత్రాల జిరాక్సు కోసమే, నాకేం హక్కుంది మాట్లాడటానికి. పుష్కర ఘాట్ మీద పిల్లలు ప్లగ్ పాయింటు అడిగారంటే వాళ్లకి కావలసింది అదే కాబట్టి అడిగారు. కాకపోతే ఒకటి గమనించాను. వాళ్ల కలలో గది ఉంది, కుర్చీ ఉంది, యంత్రం ఉంది. గోడల వెంట ఉన్న అల్మారాల్లో ఏముందో మాత్రం ఎవరికీ పట్టలేదు, ఆ ఒక్క అమ్మాయికి తప్ప.

అల్మారాల సంగతికి వస్తే, అక్కడ ఒక పెద్ద ప్రయత్నం జరిగింది, మనలో చాలామందికి తెలియదు. రాజ్ రెడ్డి గారు, కాటూరు మనిషి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెడదాం అని 2000ల మొదట్లో మొదలుపెట్టారు. ఇండియాలో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ చేతులు కలిపాయి. చైనా కలిసింది. 2007 నాటికి పదిహేను లక్షలు దాటామని ప్రకటించారు. మన భాగానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. వేల తెలుగు పుస్తకాలు అలా స్కాన్ అయ్యాయి. ఆ ఫైళ్లు తెరిస్తే మొదటి పేజీల మీద మన గౌతమీ గ్రంథాలయం ముద్ర చాలాచోట్ల కనిపిస్తుంది. నాకు మొదటిసారి కనిపించినప్పుడు, నిజంగా చెబుతున్నా, లేచి నిలబడ్డాను. పదిహేడేళ్ల కుర్రాడు మొదలుపెట్టిన పుస్తకాల గూడు నా లాప్‌టాప్‌లోకి వచ్చేసింది అనిపించింది.

ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టాను. అక్కడ తెలిసింది అసలు కథ.

పుస్తకాల పేర్లు తెలుగులో ఎక్కించలేదు, ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించారు. ఒకే అక్షరాన్ని ఒకరు ఒకలా కొట్టారు, ఇంకొకరు ఇంకోలా కొట్టారు. దీర్ఘం ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. రచయిత పేరు ఉండాల్సిన చోట ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది, లేదా అదీ ఉండదు. గ్రంథాలయం అనే మాటనే తీసుకోండి. కొందరు థ ఒత్తు రాస్తారు, కొందరు ధ రాస్తారు, పాత అచ్చులో చివర "ము" ఉంటుంది. ఆ మాటే మూడు రకాలుగా ఉంటే యంత్రానికి మూడు వేరే వస్తువులు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్ లీడ్ ఒక మాట అనేవాడు, డేటా లేకపోతే బాధ లేదు, ఉండి దొరక్కపోతేనే బాధ అని. అప్పుడు విసుగ్గా ఉండేది.

2017 ప్రాంతంలో కాపీరైట్ తగాదాల మధ్య ఆ సైటు మూతపడింది. అదృష్టం ఏమిటంటే, అమెరికాలో కార్ల్ మాలమూద్ అనే ఆయన సంస్థ లక్షల ఫైళ్లని ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించింది. ఈ లోపు తెలుగు వికీపీడియా వాళ్లు కొంతమంది కూర్చుని, ఆ గజిబిజి పేర్లని ఒక్కొక్కటిగా తెరిచి చూసి, తెలుగు లిపిలో జాబితాలు రాశారు. జీతం లేని పని. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ 2018లో దేశానికి అంకితమైంది, అక్కడా వెతకొచ్చు.

పేరు దొరికిందనుకోండి. ఇప్పుడు రెండో గోడ. ఫైలు తెరిస్తే లోపల ఉన్నది అక్షరాలు కావు, బొమ్మలు. పేజీకి ఫొటో తీశారు, అంతే. మనకి "పంటు" అని కనపడుతుంది, ఫోనుకి అక్కడ నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు కనపడతాయి. బొమ్మలోంచి అక్షరాన్ని లాగే ప్రోగ్రాములు ఉన్నాయి, ఓసీఆర్ అంటారు. ఇంగ్లిషుకి ఎప్పుడో బాగుపడింది. తెలుగుకి ఈ పదేళ్లలో చాలా మెరుగైంది గానీ, పాత అచ్చు ముందు ఇంకా తడబడుతుంది. ఎందుకో చూడండి: ప, ఫ, వ, ష పక్కపక్కన పెట్టండి. ఒక గీత చెరిగితే ఒకటి ఇంకొకటి అయిపోతుంది. కింద వత్తు, పైన గుడి, అరిగిపోయిన సీసపు టైపు, కాగితం వెనక నుంచి కనబడే సిరా. పైగా అరసున్న, బండి ర. ఈ రోజు మీరు "ఏరు" అని వెతికితే, పాత పుస్తకంలో బండి ర పెట్టి "ఏఱు" అని ఉంటే దొరకదు. యంత్రం చదివినా తప్పే, వెతికినవాడు రాసినా తప్పే, ఇద్దరూ కరెక్టే.

పాత పుస్తకాలకే ఈ గతి అనుకోకండి. 90ల నుంచి నిన్న మొన్నటి దాకా మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద కొట్టిన తెలుగు ఉంది కదా, యూనికోడ్‌లోకి 1991లోనే తెలుగు వచ్చినా మనవాళ్లు చాలాకాలం అటు రాలేదు. ఆ ఫైళ్లు తెరిస్తే వేరే కంప్యూటర్లో పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. కంప్యూటర్లోనే పుట్టి కంప్యూటర్‌కి అర్థం కాని పుస్తకాలు.

1945లో వన్నెవార్ బుష్ అనే అమెరికన్ ఇంజనీరు మెమెక్స్ అని ఒక బల్లని ఊహించాడు. మనిషి లైబ్రరీ మొత్తం మైక్రోఫిల్మ్ మీద ఆ బల్లలో ఉంటుంది. ఈ కథ చెప్పే వాళ్లందరూ బల్ల గురించి చెబుతారు. ఆయన అసలు మోజు బల్ల మీద కాదు, ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి దారి వేసుకోవడం మీద. మన ఎంఏ అమ్మాయి అడిగింది సరిగ్గా అది. ఒక నవలలోని సరంగు దగ్గర నుంచి ఇంకొకరి ఆత్మకథలోని సరంగు దగ్గరికి దారి.

ఇక నాకు ఇదెందుకు పట్టుకుందో చెప్పేస్తాను. మా మామ్మకి ఎనభై మూడు. కోనసీమలో మా ఊళ్లోనే ఉంటుంది. షుగరు వల్ల చూపు తగ్గింది, ఇప్పుడు మనిషి నీడ తెలుస్తుంది తప్ప అక్షరం తెలియదు. ఒకప్పుడు ఊరి లైబ్రరీలో పుస్తకాలన్నీ చదివేసిన మనిషి. ఫోన్లో పుస్తకాలు పైకి చదివే యాప్ ఉందని చెప్పి, చిలకమర్తి గారి స్వీయచరిత్ర పీడీఎఫ్ వెతికి తెచ్చి, ఎంతో గొప్పగా ఆవిడ చేతిలో పెట్టి బటన్ నొక్కాను. యాప్ "పేజీ ఒకటి, చిత్రం" అంది. "పేజీ రెండు, చిత్రం" అంది. మామ్మ నాలుగు పేజీల దాకా ఓపిగ్గా వింది. "ఏరా నాన్నా, ఇది బొమ్మల పుస్తకమా?" అని అడిగింది.

చూపు పోయిన మనిషి నోటితో చెప్పి రాయించిన పుస్తకం. చూపు పోయిన ఇంకో మనిషి దాన్ని వినలేకపోతోంది. మధ్యలో స్కానర్లున్నాయి, సర్వర్లున్నాయి, నా బీటెక్ ఉంది.

ఈ పని ఎలా అవుతుందో దారి తెలియనిది కాదు. తెలుగు వికీసోర్సులో పేజీ పక్కన పేజీ పెట్టి, ఓసీఆర్ ఇచ్చిన తప్పుల తడకని మనిషి దిద్దుతాడు. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. నాకు మొదట్లో పేజీకి ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పుడు ఎనిమిది. ఘాట్ మీద కలిసిన వాళ్లలో ముగ్గురు చేస్తామన్నారు, వాళ్లలో రోబో అబ్బాయి ఒకడు. ఆ అమ్మాయి పడవల పుస్తకాల జాబితా పంపింది, ముందు అవే దిద్దుదాం అనుకున్నాం. పరీక్షలు వచ్చాయి కాబట్టి ప్రస్తుతం ఆగింది, అది కూడా చెప్పాలి.

మామ్మ సంగతి అంటారా. యంత్రం మీద ఆశ పెట్టుకోకుండా నేనే చదువుతున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి అరగంట. పాత మాట ఎక్కడైనా తప్పు పలికితే అక్కడే ఆపి దిద్దుతుంది. కిందటి వారం ఒక పేజీ స్కాన్ కాలేదు, రెండు పేజీలు కలిసి అంటుకుపోయినట్టున్నాయి. "మధ్యలో పోయిందిరా" అని వెంటనే పట్టేసింది. ఆ పేజీ కోసం గౌతమీకి వెళ్లాలి, మంగళవారం వెళ్దామనుకుంటున్నాను.